రోజ్ బర్డ్: పన్నెండేళ్ల కుర్చీ తొమ్మిదేళ్లకే ఎలా ఖాళీ అయింది?

కమల_వ్యాసాలు

కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తొలి మహిళా చీఫ్ జస్టిస్ రోజ్ ఎలిజబెత్ బర్డ్ మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. జీవిత విశేషాల వరకు పేచీ లేదు. 1936 నవంబరు 2న అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో పుట్టారు, న్యూయార్క్‌లో పెరిగారు. 1965లో బర్క్‌లీలో లా పూర్తిచేసి, నెవాడా సుప్రీంకోర్టులో ఏడాది లా క్లర్కుగా చేశారు. 1966 నుంచి 1974 దాకా శాంటా క్లారా కౌంటీ పబ్లిక్ డిఫెండర్ ఆఫీసు (పేద నిందితుల తరఫున వాదించే ప్రభుత్వ వకీళ్ల ఆఫీసు). 1975లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ వ్యవసాయ, సేవల శాఖ అప్పగించారు. 1977లో, అంతకుముందు ఒక్క రోజు కూడా జడ్జిగా చేయకుండానే, నేరుగా చీఫ్ జస్టిస్. 1986లో ఓటర్లు ఇంటికి పంపారు.

పేచీ అంతా ఆ చివరి వాక్యం దగ్గరే. పదవీకాలం 12 ఏళ్లంటారు. 1977కి 12 కలిపితే 1989. మధ్యలో 1978లో కూడా ఆవిడ మీద ఓటింగ్ జరిగిందట, అక్కడి నుంచి లెక్కేసినా 1990. మరి 1986లో మళ్లీ ఓటింగ్ ఏమిటి? పైగా ఆ రోజు బ్యాలెట్ మీద ఏడుగురు జడ్జీల్లో ఆరుగురి పేర్లు ఉన్నాయి. అలెన్ బ్రౌసర్డ్ పేరు ఒక్కటే లేదు. ఆయనకేమైనా మినహాయింపా?

ఇంకోటి, ఆవిడ ముందుకొచ్చిన 64 మరణశిక్ష కేసుల్లో 64 సార్లూ శిక్ష రద్దుకే ఓటేశారని అన్నిచోట్లా కనిపిస్తోంది. ఏడుగురి బెంచిలో ఆవిడది ఒక్క ఓటే కదా, ఒక్క మనిషి శిక్షలన్నీ ఎలా ఆపగలదు?

ఆఖరిది మాటల సమస్య. దీన్ని తెలుగులో "ఓడిపోయారు" అనాలా, "అభిశంసించారు" అనాలా, "రీకాల్ చేశారు" అనాలా? ఎదురు అభ్యర్థి లేనప్పుడు ఓడిపోవడమేమిటన్నది నా అనుమానం.

---

పాతఫైలు

కమల గారూ, మీ కూడిక సరిగ్గానే ఉంది. మొదలుపెట్టిన చోటు తప్పు. ఆ పన్నెండేళ్లు జడ్జికి కాదు, కుర్చీకి. రాజ్యసభ సభ్యుడు మధ్యలో రాజీనామా చేస్తే ఉప ఎన్నికలో వచ్చినవాడికి ఆరేళ్లు రావు, పాతవాడి మిగులు కాలమే వస్తుంది కదా. కాలిఫోర్నియా రాజ్యాంగం ఆరో అధికరణ 16వ సెక్షన్ కూడా అదే పద్ధతి.

మధ్యలో వచ్చిన జడ్జి, నియామకం తర్వాత వచ్చే మొదటి గవర్నర్ ఎన్నిక రోజున జనం ముందుకు వెళ్లాలి. "ఫలానావారు పదవిలో కొనసాగాలా?" అన్న ప్రశ్నకు అవును, కాదు అని రెండే గడులుంటాయి. అవును ఎక్కువైతే ఆ కుర్చీకి మిగిలి ఉన్న గడువు దక్కుతుంది. ఆ గడువు తీరే ముందు వచ్చే గవర్నర్ ఎన్నికలో మళ్లీ నిలబడి నెగ్గితే అప్పుడు పూర్తి 12 ఏళ్లు.

బర్డ్ కూర్చున్నది డొనాల్డ్ రైట్ ఖాళీ చేసిన కుర్చీలో. దాని గడువు 1987 జనవరి మొదటి వారంతో తీరుతుంది. ఆవిడ 1977 మార్చి 26న ప్రమాణం చేశారు. తర్వాతి గవర్నర్ ఎన్నిక 1978 నవంబరులో. అందులో 51.7 శాతంతో బయటపడ్డారు. అలా దక్కింది 1987 జనవరి వరకే. కాబట్టి 1986 నవంబరు 4 ఓటు పూర్తి పన్నెండేళ్ల కోసం ఆవిడ అడిగిన మొదటి ఓటు. మీ వ్యాసంలో ఈ ఒక్క సంగతి సరిగ్గా పడితే మిగతా తారీఖులన్నీ వాటంతట అవే కుదురుకుంటాయి.

ఆరుగురి లెక్కా ఇదే సూత్రం. స్టాన్లీ మాస్క్ కుర్చీ గడువూ అప్పుడే తీరుతోంది. క్రూజ్ రెనోసో 1982లో వచ్చి ఆ నవంబరులోనే ఒకసారి ఓటు దాటారు గానీ, ఆయనకు అందింది కూడా మిగులు కాలమే. అదీ 1987 జనవరికే ఆఖరు. జోసెఫ్ గ్రోడిన్ 1982 డిసెంబరులో, అంటే ఆ ఏడాది ఎన్నిక అయిపోయాక నియమితులయ్యారు. మాల్కమ్ లూకాస్ 1984లో, ఎడ్వర్డ్ పనెల్లీ 1985 చివర్లో. ఈ ముగ్గురికీ 1986 తొలి పరీక్ష. బ్రౌసర్డ్ 1981లో వచ్చి 1982లో ఓటు దాటారు, ఆయన కుర్చీకి ఇంకా గడువుంది. మినహాయింపేం లేదు.

నియామకం ఎలా జరుగుతుందో కూడా వ్యాసంలో రాయండి, చాలామంది "గవర్నర్ నియమించారు" అని వదిలేస్తారు. గవర్నర్ పేరు ప్రతిపాదిస్తారు, అంతే. దాన్ని ముగ్గురు సభ్యుల నియామకాల కమిషన్ ఒప్పుకోవాలి: చీఫ్ జస్టిస్, రాష్ట్ర అటార్నీ జనరల్, అప్పీలు కోర్టుల ప్రిసైడింగ్ జస్టిస్‌లలో సీనియర్. అర్హత కింద పదేళ్లు బార్‌లో (న్యాయవాదుల సంఘంలో) సభ్యత్వం గానీ, జడ్జిగా అనుభవం గానీ చాలు. జడ్జి పని తప్పనిసరి కాదు. అందుకే ఆవిడ నియామకంలో చట్టపరంగా లోపం లేదు. బర్డ్ విషయంలో ఖాళీ అయింది చీఫ్ జస్టిస్ పదవే కాబట్టి కమిషన్‌లో ఆ స్థానంలో తాత్కాలిక చీఫ్‌గా ఉన్న మాథ్యూ టోబ్రినర్ కూర్చున్నారు. అటార్నీ జనరల్ ఎవెల్ యంగర్ ఎటు మొగ్గితే అటు తేలే పరిస్థితి. 2–1తో గట్టెక్కారు. ఇప్పుడైతే దీనికి ముందు ఇంకో మెట్టు ఉంది: గవర్నర్ పంపిన పేరును స్టేట్ బార్ తరఫు మూల్యాంకన కమిషన్ 90 రోజుల్లోగా పరిశీలించి అభిప్రాయం చెప్పాలి. ఆ చట్టం 1979 నాటిది, బర్డ్‌కి వర్తించలేదు. ఆవిడ నియామకంలో అది కూడా జరిగిందని రాస్తే తప్పవుతుంది.

ఈ అవును–కాదు పద్ధతి 1934 నవంబరులో రాజ్యాంగ సవరణగా వచ్చింది. అంతకుముందు సుప్రీంకోర్టు జడ్జీలు మామూలు అభ్యర్థుల్లాగే పోటీ పడేవారు.

---

నల్లకోటు

64 సంగతి నేను చెబుతాను. అంకె నిజమే, కానీ దాన్ని ఒంటరిగా వదిలేస్తే అబద్ధం చెప్పినట్టే అవుతుంది. ఏడుగురిలో నలుగురు కలిస్తేనే తీర్పు. ఆ 64లో 61 సార్లు కనీసం మరో ముగ్గురు ఆవిడతో కలిశారు. మిగిలిన మూడింట్లో కోర్టు శిక్షను ఖాయం చేసింది, ఆవిడ విభేదించారు. రాబర్ట్ ఆల్టన్ హారిస్ కేసు అందులో ఒకటి. 1981లో కోర్టు అతని శిక్షను సమర్థించింది, బర్డ్ అసమ్మతి తెలిపారు. 1967 తర్వాత కాలిఫోర్నియాలో మొదట అమలైన మరణశిక్ష అతనిదే, 1992లో.

అన్ని కేసులు ఎందుకు పడిపోయాయంటే, కారణాలు చట్టంలోనే ఉన్నాయి.

మామూలు క్రిమినల్ అప్పీలు ముందు అప్పీలు కోర్టుకు వెళ్తుంది. అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వస్తే, విచారణకు తీసుకోవాలంటే ఏడుగురిలో నలుగురు ఒప్పుకోవాలి. మరణశిక్షకు ఆ వడపోత లేదు. కింది కోర్టు శిక్ష వేసిన మరుక్షణం అప్పీలు దానంతటదే నేరుగా సుప్రీంకోర్టుకు చేరుతుంది. వద్దనే వీల్లేదు. అందువల్ల కొత్త చట్టంలో ఉన్న ప్రతి లొసుగూ మొదట వీళ్ల బల్ల మీదే తేలింది.

చట్టం నిజంగానే కొత్తది. 1972 ఫిబ్రవరిలో, రైట్ చీఫ్‌గా ఉన్నప్పుడు, ఆండర్సన్ అనే కేసులో ఇదే కోర్టు మరణశిక్షను కొట్టేసింది. అక్కడొక చిన్న మాట ఉంది. ఫెడరల్ రాజ్యాంగం "క్రూరమైన, అసాధారణమైన" శిక్షలు వద్దంటుంది. కాలిఫోర్నియా రాజ్యాంగం "క్రూరమైన లేదా అసాధారణమైన" అంటుంది. ఆ "లేదా" మీద తీర్పు నిలబడింది. రెండూ అక్కర్లేదు, ఒకటి చాలు అని. అదే ఏడాది నవంబరులో ఓటర్లు 17వ ప్రతిపాదనతో (ప్రతిపాదన అంటే బ్యాలెట్ మీద ఓటర్లే నేరుగా తేల్చేది) రాజ్యాంగాన్నే సవరించారు. 1977లో శాసనసభ కొత్త మరణశిక్ష చట్టం తెచ్చింది. బ్రౌన్ వీటో చేస్తే వీటోను తోసిపుచ్చి మరీ నెగ్గించారు. ఆ బిల్లు పెట్టిన సెనేటర్ జార్జ్ డుక్‌మేజియన్, ఆ తర్వాత గవర్నర్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో మళ్లీ వస్తుంది. 1978 నవంబరులో 7వ ప్రతిపాదన వచ్చి ఈ చట్టాన్ని ఇంకా విస్తరించింది.

ఇప్పుడు లొసుగు ఎలా పనిచేస్తుందో ఒకటి దగ్గరగా చూద్దాం. దొంగతనానికి వెళ్లి అందులో మనిషిని చంపితే, చంపాలన్న ఉద్దేశం ఉన్నా లేకపోయినా మరణశిక్షకు అర్హమవుతుందా? 1978 చట్టం రాసిన తీరు అయోమయంగా ఉంది. 1983 డిసెంబరులో కార్లోస్ కేసులో కోర్టు "ఉద్దేశం రుజువు కావాలి" అంది. కానీ అప్పటిదాకా జరిగిన విచారణల్లో జడ్జీలు జ్యూరీని ఆ ప్రశ్న అడగనే లేదు, చాలాచోట్ల. అడగని ప్రశ్నకు జవాబు ఎక్కడి నుంచి వస్తుంది? దాంతో ఒక్క తీర్పు దెబ్బకు వరసగా కేసులు పడ్డాయి. 1987 అక్టోబరులో, బర్డ్ వెళ్లిపోయాక, ఆండర్సన్ కేసులో కోర్టు మాట మార్చుకుంది. స్వయంగా చంపినవాడి విషయంలో ఉద్దేశం రుజువు అక్కర్లేదు, తోడు వెళ్లినవాడికే కావాలి అని. పేరు చూసి 1972 నాటి ఆండర్సన్‌తో కలిపేయకండి. రెండూ వేరు కేసులు.

రామోస్ కేసు కూడా తప్పక చేర్చండి. "పెరోల్ లేని యావజ్జీవం వేసినా గవర్నర్ దాన్ని తగ్గించవచ్చు" అని జ్యూరీకి చెప్పాలని 1978 చట్టం పెట్టింది. వింటే జ్యూరీ ఏమనుకుంటుంది? ఎలాగూ బయటికొస్తాడు, చంపేద్దాం అనుకుంటుంది. మరణశిక్షను కూడా గవర్నర్ తగ్గించగలరన్న సగం మాత్రం చెప్పరు. కాలిఫోర్నియా కోర్టు దీన్ని తప్పంది. 1983లో వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు 5–4తో "ఫెడరల్ రాజ్యాంగం ప్రకారం తప్పులేదు" అని తిప్పి పంపింది. 1984లో రాష్ట్ర కోర్టు "సరే, మా రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం తప్పు" అని మళ్లీ కొట్టేసింది. ఆ మాట మీద పైకోర్టుకు చేసేదేమీ లేదు. రాష్ట్ర చట్టానికి, రాష్ట్ర రాజ్యాంగానికి అర్థం చెప్పడంలో రాష్ట్ర సుప్రీంకోర్టుదే చివరి మాట. మన హైకోర్టుతో పోల్చి చూసేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఇంకొక జాగ్రత్త. "రద్దు" అంటే విడుదల అని పాఠకుడు అనుకుంటాడు. విచారణలో మూడు మెట్లుంటాయి: నేరం రుజువు, శిక్షను మరణానికి పెంచే ప్రత్యేక పరిస్థితి రుజువు, చివరగా శిక్ష ఎంపిక. చాలా కేసుల్లో కొట్టేసింది రెండోదో, మూడోదో. ఖైదీ జైల్లోనే ఉంటాడు, ఆ మెట్టు మటుకు మళ్లీ విచారిస్తారు.

ఓట్లు మీరే లెక్కపెట్టుకోవాలంటే తీర్పు మొదటి పేజీ సరిపోదు. చివరికి వెళ్లి ఎవరు "కంకర్" (తీర్పుతో ఏకీభవిస్తున్నాను) అన్నారు, ఎవరు ఫలితంతో మాత్రమే ఏకీభవించారు, ఎవరు సగం కలిసి సగం విభేదించారు అన్నది విడివిడిగా రాసుకోండి. బర్డ్ చాలాసార్లు మెజారిటీతో కలుస్తూనే విడిగా తన కారణాలు రాశారు. అలాంటివి అసమ్మతి ఖాతాలో పడేస్తే లెక్క తప్పుతుంది.

---

బేఏరియా_సత్యం

నల్లకోటు గారు చెప్పిన చట్టం అంతా ఒప్పుకుంటాను. కానీ మరణశిక్ష ఒక్కటే కారణమన్నట్టు వ్యాసం రాస్తే అసలు బలం ఎటునుంచి వచ్చిందో కనిపించదు. ఆవిడకు శత్రువులు 1977 కంటే ముందే తయారయ్యారు, పొలాల్లో.

కాలిఫోర్నియా లెట్యూస్, దుంప తోటల్లో కూలీలు కలుపు తీయడానికి, మొక్కలు పలుచన చేయడానికి పొట్టి పిడి పార వాడేవారు. పిడి పొడుగు అడుగు నుంచి రెండడుగులు, అంతే. రోజంతా నడుము వంచి చేయాలి. యజమానులకు అదే కావాలి. నడుము ఎత్తినవాడు దూరం నుంచే కనిపిస్తాడు. వెన్నుపూస దెబ్బతింటుందని కూలీల తరఫున కేసు నడిచి, 1975 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం ఆ పారను నిషేధించింది. శాఖ బర్డ్ చేతిలో ఉన్న రోజులవి. అదే ఏడాది పొలం కూలీలకు రహస్య బ్యాలెట్‌తో యూనియన్ ఎన్నుకునే హక్కిచ్చిన వ్యవసాయ కార్మిక సంబంధాల చట్టం వచ్చింది, దాని రూపకల్పనలో ఆవిడది పెద్ద చెయ్యి. 1977లో పేరు ప్రకటించగానే వ్యతిరేకత మొదలవడానికి, 1978లో గట్టిగా ఓటు తిరగడానికి పెద్ద రైతుల పగ ఒక మూలం. అప్పటికి కొత్త చట్టం కింద ఆవిడ ఒక్క మరణశిక్ష రద్దు మీద కూడా సంతకం చేయలేదు.

రెండోది ఇంటి పన్ను. 1978 జూన్‌లో 13వ ప్రతిపాదన నెగ్గింది: పన్ను విలువలో 1 శాతం, విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు, ఇల్లు అమ్ముడైతేనే కొత్త ధర పట్టుకోవాలి. ఆ సెప్టెంబరులో కోర్టు దాన్ని సమర్థించింది. బర్డ్ ఒక్కరే ఒక అంశం మీద విభేదించారు: పక్కపక్కన ఒకేలాంటి రెండు ఇళ్లు, కొన్న ఏడాది వేరు కాబట్టి పన్ను వేరు అనడం సమానత్వం కాదని. ఉదాహరణకి ఒకరి ఇంటి లెక్క విలువ 2 లక్షల డాలర్లు అయితే పన్ను 2 వేలు, నిన్న 10 లక్షలకు కొన్న పక్కింటాయనకి 10 వేలు. ఫ్రీమాంట్‌లోనో, కూపర్టినోలోనో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు మొదటి బిల్లు చూసి అడిగే ప్రశ్న కూడా ఇదే. (1992లో వాషింగ్టన్ సుప్రీంకోర్టు 8–1తో ఆ పద్ధతి చెల్లుతుందంది.) ఎన్నికలకు ఆరు వారాల ముందు, జనం నెత్తిన పెట్టుకున్న ప్రతిపాదన మీద ఒంటరి అసమ్మతి! రాజకీయం తెలిసినవాళ్లెవరూ చేయరు.

మూడోది టానర్ వ్యవహారం. తుపాకీతో నేరం చేస్తే జైలు తప్పనిసరి, ప్రొబేషన్ (జైలు బదులు నిఘాలో బయట ఉండనివ్వడం) లేదు అని 1975 చట్టం. దాన్ని బలహీనపరిచే తీర్పు సిద్ధమైనా, 1978 పోలింగ్ అయ్యేదాకా కోర్టు తొక్కిపెట్టిందని సరిగ్గా పోలింగ్ రోజు పొద్దున్నే లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో వార్త వచ్చింది. తీర్పు నిజంగానే డిసెంబరులో వెలువడింది. 1979లో న్యాయప్రవర్తన కమిషన్ బహిరంగ విచారణ పెట్టింది. జడ్జీలు ఒకరి మీద ఒకరు సాక్ష్యం చెప్పారు. బహిరంగంగా చెప్పనని మాస్క్ కోర్టుకెళ్లి నెగ్గారు. చివరికి ఎవరి మీదా అభియోగం పెట్టలేదు. టానర్ తీర్పును కూడా కోర్టు పునర్విచారణలో వెనక్కి తీసుకుంది. ఎవరికీ శిక్ష పడలేదు గానీ, కోర్టు గుట్టు మాత్రం బజారున పడింది.

నాలుగోది బీమా. 1979లో రాయల్ గ్లోబ్ కేసులో, ప్రమాద బాధితుడు ఎదుటివాడి బీమా కంపెనీ మీద నేరుగా దావా వేయొచ్చని కోర్టు చెప్పింది. కంపెనీలకు అది పెద్ద ఖర్చు. 1988లో, లూకాస్ చీఫ్‌గా ఉన్నప్పుడు, కోర్టు దాన్ని రద్దుచేసింది. 1986 ప్రచారం టీవీలో హంతకుల బొమ్మలు, బాధితుల కుటుంబాలే. బీమా బొమ్మ వేస్తే ఎవరు చూస్తారు!

---

నల్లకోటు

సత్యం గారూ, 1978కి మీ వాదన సరిపోతుంది. 1986కి సరిపోదు. 51.7 అవును నుంచి దాదాపు 66 శాతం కాదు దాకా పడిపోవడానికి పొలం పార చాలదు. రెనోసోకి 60 శాతం, గ్రోడిన్‌కి 57 శాతం వరకు కాదు పడింది. అదే బ్యాలెట్ మీద మాస్క్ సులువుగా నెగ్గారు. ఆయనా ఉదారవాదే, ఆ బీమా తీర్పుల కోర్టులోనే కూర్చున్నారు. తేడా ఎక్కడంటే ఆయన కొన్ని మరణశిక్షలను ఖాయం చేశారు. డుక్‌మేజియన్ 1986లో మళ్లీ గవర్నర్‌గా పోటీ చేస్తూ బర్డ్, రెనోసో, గ్రోడిన్ ముగ్గురినీ దించమని బాహాటంగా పిలుపిచ్చారు. మాస్క్ జోలికి పోలేదు. తను రాసిన చట్టం అమలు కాకపోవడం ఆయనకు సొంత విషయం, పైగా తనే ముగ్గురి ఖాళీలు నింపుకోవచ్చు.

ప్రచారంలో బర్డ్ చేసిన పొరపాటు కూడా రాయాలి. రాజకీయ సలహాదారులను పక్కనపెట్టి, న్యాయమూర్తి స్వతంత్రత గురించి తనే కెమెరా ముందు మాట్లాడే ప్రకటనలు చేయించారు. అది పౌరశాస్త్రం పాఠం. అవతల బాధితురాలి తల్లి ఏడుస్తోంది.

---

బేఏరియా_సత్యం

మాస్క్ పోలిక బాగుంది, ఆ మేరకు ఒప్పుకుంటున్నాను. కానీ డబ్బిచ్చినవాళ్లు ఎవరు, ఓటేసినవాళ్లు ఎవరు అన్నది రెండు వేరు ప్రశ్నలు. వ్యాసంలో విడివిడిగానే రాయమంటాను.

---

తర్కం_తాత

మాటల సంగతికి వస్తున్నా. కమలమ్మా, నువ్వు రాసిన మూడు మాటలూ మూడు వేరు పనులు.

అభిశంసన అంటే శాసనసభ పని: దిగువ సభ అభియోగం మోపాలి, సెనేట్‌లో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. బర్డ్ మీద అది జరగలేదు. రీకాల్ అంటే గడువు మధ్యలో ఓటర్లు సంతకాలు పోగుచేసి దించడం. రాష్ట్రస్థాయి పదవికి, గత ఎన్నికలో ఆ పదవికి పడిన ఓట్లలో 12 శాతం సంతకాలు 160 రోజుల్లో రావాలి. బర్డ్ మీద ప్రయత్నాలు జరిగాయి, బ్యాలెట్ దాకా రాలేదు. 1986లో జరిగింది ఈ రెండూ కాదు. దాన్ని "కొనసాగింపు ఓటు" అను. "కొనసాగింపు ఓటులో తిరస్కరించారు" అంటే సరిగ్గా అతుకుతుంది. "ఓడిపోయారు" అన్నా తప్పు లేదు గానీ, మొదటిసారి వాడినప్పుడు పోటీదారు లేరని ఒక ముక్క చేర్చు.

కోర్టు పేరు కూడా జాగ్రత్త. "కాలిఫోర్నియా హైకోర్టు" అని అనువదించకు. అలాగని ప్రతి రాష్ట్రంలోనూ "సుప్రీంకోర్టు" అంటే పై కోర్టేననీ అనుకోకు. న్యూయార్క్‌లో సుప్రీంకోర్టు అంటే కింది విచారణ కోర్టు. పైది కోర్ట్ ఆఫ్ అప్పీల్స్, అక్కడ పదవి 14 ఏళ్లు. మేరీల్యాండ్‌లో కూడా పై కోర్టును కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ అనేవారు, 2022 డిసెంబరులో పేరు మార్చారు. టెక్సస్, ఓక్లహోమాల్లో పై కోర్టులు రెండేసి: క్రిమినల్ కేసులకు ఒకటి, మిగతావాటికి ఒకటి.

పద్ధతులూ రాష్ట్రానికొకటి. టెక్సస్‌లో పార్టీ గుర్తుతో పోటీ, ఆరేళ్లు. విస్కాన్సిన్‌లో పార్టీ పేరు లేకుండా పోటీ, పదేళ్లు. వర్జీనియాలో శాసనసభ ఎన్నుకుంటుంది, 12 ఏళ్లు. న్యూజెర్సీలో గవర్నర్ నియమిస్తే ఏడేళ్లు, మళ్లీ నియమిస్తే 70 ఏళ్ల వయసు దాకా. రోడ్ ఐలండ్‌లో జీవితాంతం. ఇల్లినాయిలో కొనసాగింపు ఓటుకు సగం చాలదు, 60 శాతం కావాలి. 2020లో థామస్ కిల్‌బ్రైడ్‌కి సగానికి పైగా వచ్చినా అరవైకి చేరక పదవి పోయింది. 2010లో అయోవాలో ముగ్గురు ఒకేసారి పోయారు, స్వలింగ వివాహాల తీర్పు తర్వాత. కాలిఫోర్నియాలో మాత్రం 1986 తర్వాత సుప్రీంకోర్టు జడ్జిని ఓటర్లు తిరస్కరించలేదు.

---

కమల_వ్యాసాలు

అందరికీ కృతజ్ఞతలు. కుర్చీ లెక్కతో ముడి విడిపోయింది. తాతగారూ, "కొనసాగింపు ఓటు" తీసుకుంటున్నాను. ఇంకో రెండు చిన్నవి. చీఫ్‌గా ఆవిడ చేసిన పరిపాలన పనులేమిటి? పదవి పోయాక ఏం చేశారు?

---

పాతఫైలు

పరిపాలన: చీఫ్ జస్టిస్‌కు ఉన్న కాడిలాక్ లిమోజిన్ అమ్మించేశారు. బెంచిలో ఎవరైనా లేనప్పుడు కింది కోర్టుల నుంచి జడ్జిని తెచ్చి కూర్చోబెట్టే అధికారం చీఫ్‌ది. పాత పద్ధతిలో తెలిసిన సీనియర్లకే ఆ పిలుపు వచ్చేది, ఆవిడ దాన్ని విస్తరించారు. పాతకాపులకు అది నచ్చలేదు. కాలిఫోర్నియాలో చీఫ్ జస్టిస్ అంటే ఏడింట ఒక ఓటు మాత్రమే కాదు, రాష్ట్ర కోర్టులన్నిటి పాలనా మండలికి అధ్యక్షత కూడా. అందుకే పాలనానుభవం లేదన్న విమర్శ అంత గట్టిగా వినబడింది. ఇంకో చిన్న సంగతి, ఆవిడ కాలానికే పరిమితం కాదు గానీ, ఆ కోర్టు నడకను అర్థం చేసుకోవాలంటే తెలియాలి: వాదనలు ముగిసి కేసు తీర్పుకు సమర్పించాక 90 రోజులు దాటితే, ఆ తీర్పు వచ్చేదాకా జడ్జి జీతం తీసుకోకూడదని రాష్ట్ర రాజ్యాంగం చెబుతోంది.

ఆరోగ్యం: రొమ్ము క్యాన్సర్ మొదట బయటపడింది 1976లో, చీఫ్ కాకముందే. మళ్లీ తిరగబెట్టింది. తొమ్మిదేళ్ల పదవినీ, ఆ ప్రచారాలనీ ఆ జబ్బుతోనే నెట్టుకొచ్చారు.

తర్వాత: కొంతకాలం టీవీలో వ్యాఖ్యానాలు చేశారు, ఆస్ట్రేలియాలో కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. పాలో ఆల్టోలో తల్లితో ఉండేవారు. పక్కనే ఈస్ట్ పాలో ఆల్టోలో పేదలకు న్యాయ సహాయం చేసే కేంద్రంలో స్వచ్ఛందంగా ఫొటోకాపీలు తీసిపెట్టేవారు. ఆవిడెవరో అక్కడివాళ్లకు మొదట తెలియలేదు. 1999 డిసెంబరు 4న, 63 ఏళ్ల వయసులో పోయారు. రెనోసో మళ్లీ లా ప్రొఫెసరయ్యారు, 2000లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు. ఖాళీ అయిన కుర్చీల్లో డుక్‌మేజియన్ లూకాస్‌ను చీఫ్‌గా ఎక్కించి, 1987లో జాన్ ఆర్గ్వేయెస్, డేవిడ్ ఈగల్‌సన్, మార్కస్ కాఫ్‌మన్‌లను తెచ్చారు. ఆ ముగ్గురూ 1991కల్లా వెళ్లిపోయారు.

పక్కపట్టీలో పదవీకాలం "1977 మార్చి 26 – 1987 జనవరి 5" అని వేయండి. 1986 నవంబరు 4 అని వేయకండి. కొత్త గడువు మొదలయ్యేది ఎన్నిక తర్వాత జనవరి 1 దాటాక వచ్చే మొదటి సోమవారం, 1987లో అది 5వ తేదీ. అప్పటిదాకా తిరస్కరణకు గురైన ముగ్గురూ బెంచి మీదే ఉన్నారు, తీర్పులు కూడా ఇచ్చారు. మీరు 1986 డిసెంబరు తీర్పుల్లో "బర్డ్, చీఫ్ జస్టిస్" అన్న సంతకం చూసి అచ్చుతప్పు అనుకుంటారేమోనని ముందే చెబుతున్నాను.